ఫార్మాట్ కొట్టే ముందు

గుడివాడలోనైనా బందరులోనైనా కంప్యూటర్లు బాగుచేసే కొట్టు ముందు ఓ గంటసేపు నిలబడితే ఒకే మాట పదేపదే చెవిన పడుతుంది: "బాగా స్లో అయిపోయిందండీ, వైరస్ అనుకుంటా, ఫార్మాట్ కొట్టేయండి." ఈ ఒక్క మాటలో రోగలక్షణం ఉంది, రోగం పేరు ఉంది, మందు కూడా ఉంది. పరీక్ష ఒక్కటే లేదు. దివిసీమలో వరి ఆకు పసుపెక్కితే అనుభవమున్న రైతు ముందు మట్టి చూస్తాడు. అది చౌడు కావచ్చు, నత్రజని చాలకపోవడం కావచ్చు, మురుగునీరు నిలవడం కావచ్చు, తెగులూ కావచ్చు. కారణం తేలకుండా మందు డబ్బా పట్టుకుని చేలోకి దిగేవాణ్ణి పక్క చేను రైతు కూడా మెచ్చడు. కంప్యూటర్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం మనమంతా డబ్బా పట్టుకునే దిగుతున్నాం.

నెమ్మదించడం ఒక సమస్య, వైరస్ సోకడం మరో సమస్య. మొదటిదాన్ని అర్థం చేసుకోవడానికి కొంచెం భౌతికశాస్త్రం కావాలి. రెండోదానికి కొంచెం తర్కం కావాలి. ఒకే పెట్టెలో రెండూ కలిసి ఉండవచ్చు, ఏదో ఒకటే ఉండవచ్చు. నెమ్మదించిన యంత్రాల్లో వైరస్ అసలే లేనివి చాలా ఉంటాయి. వైరస్ ఉన్న యంత్రాల్లో చలాకీగా నడిచేవీ ఉంటాయి.

ఈ రెండూ జనం నోట ఒకటైపోవడానికి చరిత్రలో కారణం ఉంది. 1986లో లాహోర్‌కు చెందిన ఇద్దరు అన్నదమ్ములు రాసిన 'బ్రెయిన్' ఐబీఎం తరహా పర్సనల్ కంప్యూటర్లకు సోకిన తొలి వైరస్‌గా పేరుపడింది. ఫ్లాపీలో కంప్యూటర్ మేలుకోగానే మొదట చదివే చోటునే అది ఆక్రమించేది. దాంతో ఫ్లాపీ డ్రైవ్ మందగించేది. 1988 నవంబరు 2న రాబర్ట్ మోరిస్ అనే అమెరికా విద్యార్థి నెట్‌వర్క్ మీదికి ఒక పురుగును వదిలాడు. అంటే తనంతట తానే ఒక యంత్రం నుంచి మరో యంత్రానికి పాకే ప్రోగ్రాము. "ఇక్కడ నా ప్రతి ఇప్పటికే ఉందా?" అని అది ముందుగా అడుగుతుంది. ఉందన్న జవాబు వచ్చినా ఏడుసార్లలో ఒకసారి ఖాతరు చేయకుండా మరో ప్రతిని దింపుతుంది. ఆ ఏడింట ఒక వంతే కొంప ముంచింది. ఒక్కో యంత్రంలో ప్రతుల మీద ప్రతులు చేరి, అసలు పనికి ఊపిరాడకుండా పోయింది. మందకొడితనమే ఆ పురుగును పట్టిచ్చింది.

ఇవాళ్టి దుష్ట ప్రోగ్రాములు రాసేవారికి ఆ పాఠం బాగా తెలుసు. వాళ్ళకు కావలసింది మన బ్యాంకు పాస్‌వర్డు, మన మెయిలు, మన యంత్రం మీద మనకు తెలియకుండా దొరికే అధికారం. కన్నం వేసేవాడు డప్పు కొట్టుకుంటూ రాడు. మన ప్రాసెసర్‌ను అద్దె ఇవ్వకుండా వాడుకుని క్రిప్టో నాణేలు తవ్వుకునే రకాలు మాత్రం ఇందుకు మినహాయింపు. అవి ఉంటే ఏమీ తెరవకపోయినా ఫ్యాను హోరెత్తుతుంది.

అవనిగడ్డలో మా పెదనాన్నగారు రిటైరైన ఉపాధ్యాయులు. డీఎస్సీ శిక్షణకు పేరుపడ్డ ఊరు కాబట్టి, ఆయన పాత శిష్యులు నోట్సు కోసం, ప్రశ్నపత్రాల కోసం పెన్‌డ్రైవ్‌లు పట్టుకుని ఇంటికి వస్తూనే ఉంటారు. కిందటి వేసవిలో వెళ్ళినప్పుడు ఆయన కంప్యూటర్ ముందు తల పట్టుకుని కూర్చున్నారు.

"మొన్ననే ఫార్మాట్ కొట్టించామురా. నాలుగు రోజులు గుర్రంలా పరిగెత్తింది. మళ్ళీ మొదటికొచ్చింది."

"ఏ డ్రైవ్‌కి కొట్టించారు పెదనాన్నా?"

"సి డ్రైవ్‌కే. డి డ్రైవ్‌లో మన ఫోటోలూ, నా పాఠాలూ ఉన్నాయి కదా!"

ఆ జవాబులోనే సగం కథ ఉంది. దాని దగ్గరికి తర్వాత వస్తాను. ముందు కొలవాలి. ప్రయోగశాలలకు పరికరాలు తయారుచేసే ఆంధ్ర సైంటిఫిక్ కంపెనీ 1926లోనే బందరులో వెలిసింది. 1983లో అది భారత్ ఎలక్ట్రానిక్స్‌లో కలిసింది. కొలత పరికరాలు చేసిన జిల్లాలో కొలవకుండా వైద్యం చేయడం మనకు నప్పని పని.

కొలిచే సాధనం విండోస్‌లోనే ఉంది. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడు మీటలూ ఒక్కసారే నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. అందులో ప్రాసెసర్, మెమరీ, డిస్క్, నెట్‌వర్క్ అని నాలుగు వరుసలుంటాయి. పెదనాన్నగారి యంత్రంలో ప్రాసెసర్ పది శాతం లోపే పనిచేస్తోంది. మెమరీ దాదాపు నిండిపోయింది. డిస్క్ మాత్రం నూటికి నూరు దగ్గర నిలిచిపోయింది. "డిస్క్ నిండిపోయిందా?" అన్నారాయన. చాలామంది ఇక్కడే పొరబడతారు. ఆ నూరు శాతం లెక్క చోటుది కాదు, తీరికది. డిస్క్‌కు ఒక్క క్షణం కూడా ఖాళీ లేదని దాని అర్థం. రేషన్ కొట్టులో బస్తాలు ఎన్ని ఉన్నాయన్నది ఒక లెక్క, తూచే మనిషికి తీరిక ఉందా లేదా అన్నది ఇంకో లెక్క.

పాత హార్డ్ డిస్క్ ఎందుకంత ఇబ్బంది పడుతుందో చూడాలంటే దాని లోపలికి వెళ్ళాలి. అందులో అయస్కాంత పూత పూసిన పళ్ళెం నిమిషానికి 7,200 సార్లు తిరుగుతుంది. అంటే సెకనుకు 120 చుట్లు, చుట్టుకు 8.3 మిల్లీసెకన్లు. కావలసిన సమాచారం సూది కిందికి రావాలంటే సగటున అరచుట్టు ఆగాలి, అది నాలుగు మిల్లీసెకన్ల పైమాట. అంతకు ముందు చేయి జరిగి సరైన వలయం మీదికి చేరాలి, అందుకు మరో తొమ్మిది మిల్లీసెకన్లు వేసుకుందాం. మొత్తం పదమూడు. విండోస్ లేవడానికి అక్కడక్కడా చెదిరి ఉన్న చిన్న చిన్న ముక్కలు పదివేలు చదవాల్సి వచ్చిందనుకోండి, 130 సెకన్లు, రెండు నిమిషాలకు పైనే. కదిలే భాగాలు లేని ఎస్‌ఎస్‌డీలో ఒక్కో ముక్కకు మిల్లీసెకనులో పదో వంతు సరిపోతుంది. అదే పదివేల ముక్కలకు ఒక్క సెకను. ఇది కాగితం మీది లెక్కే గాని, తేడా ఏ స్థాయిలో ఉంటుందో ఇందులో కనిపిస్తుంది.

మెమరీ చాలకపోతే ఈ బాధ రెట్టింపవుతుంది. ర్యామ్‌లో చోటు దొరకని సమాచారాన్ని విండోస్ తాత్కాలికంగా డిస్క్ మీద దాస్తుంది, అవసరమైనప్పుడు వెనక్కి తెస్తుంది. ర్యామ్ నుంచి ఒక ముక్క తేవడానికి సుమారు వంద నానోసెకన్లు, డిస్క్ నుంచి తేవడానికి పదమూడు మిల్లీసెకన్లు. తేడా లక్షా ముప్ఫై వేల రెట్లు. వంటింట్లో చేతికందే పోపుల పెట్టెలో ఆవాలు తీయడానికి ఒక సెకను పడుతుందనుకుంటే, డిస్క్ నుంచి ఆ ఆవాలే తేవడానికి ఒకటిన్నర రోజు పడుతుందన్నమాట. నాలుగు జీబీ ర్యామ్‌తో ఇరవై ట్యాబ్‌లు తెరిచి, పైన యూట్యూబ్ పెట్టుకుని, కంప్యూటర్‌ను తిట్టడం ధర్మం కాదు. ఇక్కడ వైరస్ ఊసే లేదని గమనించండి.

చాలా ఇళ్ళలో కనిపించే ఇంకో తప్పు, రెండు యాంటీవైరస్‌లు ఎక్కించడం. ఒకటి తెరిచిన ప్రతి ఫైలునూ రెండోదీ తెరిచి చూస్తుంది. కాపలాకు పెట్టిన ఇద్దరూ ఒకరి జేబులు ఒకరు తడుముకుంటుంటే ఇంటి పని సాగదు.

ఇక మన నేలకూ గాలికీ సంబంధించిన సంగతి. మంగినపూడి, హంసలదీవి, నాగాయలంక వైపు గాలిలో ఉప్పు ఉంటుంది. వానాకాలంలో మూత సరిగా లేని జాడీలో ఉప్పు నీరు కారడం మన అమ్మమ్మలు చూసిందే. 25 డిగ్రీల వేడి దగ్గర గాలిలో సాపేక్ష తేమ 75 శాతం దాటితే ఉప్పు పలుకు గాలిలోని నీటిని పీల్చుకుని తానే ద్రవమవుతుంది. సముద్రపు గాలితో వచ్చి మదర్‌బోర్డు మీద దుమ్ముతో కలిసి కూర్చున్న ఉప్పు కూడా అదే పని చేస్తుంది. ఉప్పునీటి పొరలోంచి కరెంటు పారుతుంది, లోహం కరుగుతుంది. ఉదయం పూట ఆన్ కాకుండా మొరాయించి, ఎండెక్కాక బుద్ధిగా లేచే కంప్యూటర్లు తీరప్రాంతంలో కనిపిస్తాయి. వాటిని వైరస్ ఖాతాలో రాసి ఫార్మాట్ కొడితే ఉప్పు ఎక్కడికీ పోదు.

ర్యామ్ పలక అంచున మెరిసే పళ్ళు రాగి మీద నికెల్, నికెల్ మీద పలచని బంగారు పూత. ఇది చిలకలపూడి రోల్డ్‌గోల్డ్ తెలిసినవాళ్ళకు కొత్తగా చెప్పక్కర్లేదు. పూత అరిగితే లోపలి లోహం బయటపడుతుంది, చెమట తగిలితే చిలుము పడుతుంది. ర్యామ్ సరిగా అంటుకోకపోతే కంప్యూటర్ బీప్ మంటూ ఆగిపోతుంది, లేదా పని మధ్యలో నీలిరంగు తెర చూపిస్తుంది. ర్యామ్ తీసి రబ్బరుతో రుద్దడం మన మెకానిక్కుల తొలి చిట్కా. ఒకసారి మెత్తగా రుద్దితే పనిచేస్తుంది, నిజమే. ఏడాదికి నాలుగుసార్లు గట్టిగా రుద్దితే మైక్రాన్ మందం కూడా లేని ఆ బంగారం మన చేత్తో మనమే తుడిచేసినట్టు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన, నూలుపోగులు రాలని గుడ్డ మేలు. దానికంటే మేలు, పెట్టెను నేల మీద కాక బల్ల మీద, కిటికీకి దూరంగా పెట్టుకోవడం, వారానికి రెండుసార్లయినా కాసేపు నడపడం. నడిచే యంత్రపు వేడి తేమను దగ్గరికి రానివ్వదు.

వైరస్ నింద మోసే అమాయకుల్లో గుండ్రటి బ్యాటరీ కూడా ఒకటి. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్ళలా ఉండే మూడు వోల్టుల సీఆర్ 2032 బ్యాటరీ, కరెంటు లేనప్పుడు కూడా గడియారాన్ని నడుపుతుంది. అది చచ్చిపోతే ఆన్ చేసిన ప్రతిసారీ తేదీ ఏళ్ళ వెనక్కి పోతుంది. బ్యాంకు వెబ్‌సైటు చూపించే ధ్రువపత్రం ఇంకా అమల్లోకి రాలేదని బ్రౌజర్ భ్రమపడి, ఇది సురక్షితం కాదని ఎర్ర హెచ్చరిక వేస్తుంది. యాంటీవైరస్ అప్‌డేట్ కూడా ఆగిపోవచ్చు. చూసేవాడికి ఇంతకంటే వైరస్ లక్షణం ఏముంటుంది? చిన్న బ్యాటరీ మారిస్తే పోయే జబ్బు అది.

పెదనాన్నగారి పాఠాల కథా ఇలాంటిదే. ఫార్మాట్ తర్వాత ఆయన తెలుగు ఫైళ్ళు తెరిస్తే అక్షరాలకు బదులు ఇంగ్లీషు గుర్తుల చెత్త కనిపించింది. "వైరస్ తినేసింది" అనుకున్నారు. ఆయన వాటిని అను ఫాంట్లలో టైపు చేశారు. ఆ తరహా పాత ఫాంట్లలో తెలుగు అక్షరం ఇంగ్లీషు అక్షరం కోసం కేటాయించిన అంకె వెనక దాక్కుంటుంది. ఫాంటు ఉంటే 'అ' కనిపిస్తుంది, లేకపోతే ఏదో గుర్తు కనిపిస్తుంది. ఫైలు చెక్కుచెదరలేదు, ఫాంటు ఒక్కటే పోయింది. యూనికోడ్‌లో తెలుగుకు 128 స్థానాలతో సొంత గది ఉంది, అందులో రాసినవాటికి ఈ బాధ లేదు. పాత ఫైళ్ళున్నవారు ఫార్మాట్‌కు ముందు ఫాంట్ల పేర్లు కాగితం మీద రాసి పెట్టుకోవాలి.

ఇంతమంది నిరపరాధుల్ని వదిలేశాక, అసలు దొంగ సంగతి. పెదనాన్నగారి యంత్రంలో వైరస్ నిజంగానే ఉంది.

మన ప్రాంతంలో వైరస్ ఎక్కువగా ప్రయాణించే బండి పెన్‌డ్రైవ్. జెరాక్స్ షాపు, నెట్ సెంటర్, కాలేజీ ల్యాబ్, ఇల్లు, మళ్ళీ జెరాక్స్ షాపు. ఒక హాల్‌టికెట్ ప్రింట్ తీయించుకోవడానికి వెళ్ళిన పెన్‌డ్రైవ్, ఆ రోజు ఆ కంప్యూటర్‌కు తగిలిన పెన్‌డ్రైవ్‌లన్నిటితో చెయ్యి కలిపినట్టే. ఒకప్పుడు పెన్‌డ్రైవ్ పెట్టగానే అందులోని ఆటోరన్ ఫైలు చెప్పిన ప్రోగ్రామును విండోస్ నడిపేది. 2008 నవంబరులో బయటపడ్డ కాన్‌ఫికర్ అనే పురుగు కూడా ఆ దారిని వాడుకుంది. 2011 ఫిబ్రవరిలో మైక్రోసాఫ్ట్ పాత విండోస్‌లకు కూడా అప్‌డేట్ ద్వారా ఆ దారి మూసింది. తలుపు మూస్తే కిటికీ వెతుక్కున్నాయి షార్ట్‌కట్ వైరస్‌లు. అవి మన ఫోల్డర్లను దాచి, అవే పేర్లతో షార్ట్‌కట్‌లు పెడతాయి. మనం నొక్కితే ముందు వైరస్ నడుస్తుంది, ఆ వెంటనే అసలు ఫోల్డర్ తెరుచుకుంటుంది. అందుకే అనుమానం రాదు. ఫైళ్ళు పోయాయని ఏడ్చి పెన్‌డ్రైవ్ ఫార్మాట్ కొట్టినవాళ్ళు ఎందరో. ఫైళ్ళు అందులోనే ఉంటాయి, కనిపించకుండా 'హిడెన్', 'సిస్టమ్' అన్న రెండు ముద్రలు మాత్రమే వాటి మీద పడతాయి. అట్రిబ్ అనే చిన్న ఆదేశంతో ఆ ముద్రలు తుడిచేయవచ్చు.

అంతకంటే మొండివి ఫైళ్ళకే అంటుకునే రకం. 2003 నుంచి తిరుగుతున్న సాలిటీ, 2010లో వచ్చిన రామ్‌నిట్ ఈ కోవలోవి. ఇవి వేరే ఫైలుగా ఉండవు, ఉన్న ప్రోగ్రాముల ఒంట్లోకే దూరతాయి. ప్రోగ్రాము ఎక్కడ మొదలవ్వాలో చెప్పే చోటును తమవైపు తిప్పుకుని, తమ పని ముగించాక నియంత్రణను అసలు ప్రోగ్రాముకు అప్పగిస్తాయి. సి డ్రైవ్, డి డ్రైవ్ అన్న తేడా వాటికి లేదు. ఎక్కడ ఈఎక్స్‌ఈ ఫైలు దొరికితే అక్కడ చేరతాయి. ఇప్పుడు పెదనాన్నగారి జవాబు గుర్తు తెచ్చుకోండి. సి డ్రైవ్ ఫార్మాట్ కొట్టారు, కొత్త విండోస్ ఎక్కించారు, డి డ్రైవ్‌లో 'సాఫ్ట్‌వేర్స్' అన్న ఫోల్డర్‌లో ఏళ్ళుగా దాచిన సెటప్ ఫైళ్ళ నుంచి ప్రింటర్, ప్లేయర్ మళ్ళీ వేసుకున్నారు. మొదటి సెటప్ మీద రెండుసార్లు నొక్కిన క్షణమే పాత చుట్టం కొత్త ఇంట్లోకి వచ్చేసింది. డబ్బులు పెట్టి ఫార్మాట్ కొట్టించింది నాలుగు రోజుల ముచ్చటైంది. దొంగ క్రాక్‌లతో వచ్చే ఉచిత సాఫ్ట్‌వేర్ ఆ ఫోల్డర్‌లో ఉంటే ఇక చెప్పనే అక్కర్లేదు. క్రాక్ వేసేటప్పుడు అది యాంటీవైరస్‌ను ఆపమని అడుగుతుంది. ఎందుకు ఆపమంటోందో అప్పుడే ఆలోచించాలి.

సరే, మంచి యాంటీవైరస్ పెట్టి అంతా వెతికిస్తే చాలదా? చాలదని గణితమే తేల్చింది. అమెరికాలో 1983లో విద్యార్థిగా ఉన్న ఫ్రెడ్ కోహెన్ వైరస్‌ల మీద తొలి ప్రయోగాలు చేశాడు. వాటికి వైరస్ అన్న పేరు సూచించింది ఆయన గురువు లెనార్డ్ ఏడిల్‌మన్. ఏ ప్రోగ్రామును చూపించినా అది వైరస్ అవునో కాదో ఎప్పుడూ తప్పకుండా చెప్పగల పరీక్షకుడు ఉండలేడని కోహెన్ నిరూపించాడు. వాదం చిన్నది. అలాంటి పరీక్షకుడు ఉన్నాడనుకుందాం. నేను ఒక కొంటె ప్రోగ్రాము రాస్తాను. అది నడవగానే తనను తానే ఆ పరీక్షకుడికి చూపించుకుని, "నేను వైరస్‌నా?" అని అడుగుతుంది. "అవును" అంటే ఏమీ చేయకుండా బుద్ధిగా ఆగిపోతుంది. "కాదు" అంటే వెంటనే వ్యాపిస్తుంది. అవునన్నా తప్పే, కాదన్నా తప్పే. కాబట్టి తప్పు చేయని పరీక్షకుడు లేడు. ఎంత ఖరీదైన యాంటీవైరస్ అయినా ఈ వాదం ముందు చేతులెత్తాల్సిందే. అలాగని అది పనికిరాదని కాదు. తెలిసిన దొంగల ఫోటోలు గోడకు అంటించుకున్న పోలీసు స్టేషన్ పనికొస్తుంది. కానీ ఫోటో లేనివాడు దొంగ కాడని అది హామీ ఇవ్వలేదు.

ఆచరణకు పనికొచ్చే మాట ఇంకొకటి ఉంది. సోకిన విండోస్ లోపల కూర్చుని అదే విండోస్‌ను శుభ్రం చేయడం నమ్మదగ్గ పని కాదు. లోతుగా దిగిన వైరస్, ఫైళ్ళ జాబితా అడిగిన యాంటీవైరస్‌కు తన పేరు తీసేసిన జాబితానే ఇవ్వగలదు. కృష్ణా డెల్టాలో ఏటా వేసవిలో కాలువలు కట్టేస్తారు. నీళ్ళు నిండుగా పారుతుండగా అడుగున పూడిక ఎంతుందో కనిపించదు, గుర్రపుడెక్క ఒకచోట తీస్తే ఇంకోచోటికి తేలిపోతుంది. నీరు ఆపాకే కాలువ అడుగు కనిపిస్తుంది. కంప్యూటర్‌కు కాలువ కట్టేయడమంటే, లోపలి విండోస్‌ను లేవనివ్వకుండా బయటి నుంచి చూడటం. విండోస్ సెక్యూరిటీలో 'డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్' అన్న ఎంపిక ఉంది. నొక్కితే యంత్రం ఆగి, విండోస్ పూర్తిగా లేవకముందే వెతుకులాట జరుగుతుంది. సుమారు పావుగంట పడుతుంది. ఇంకో మార్గం, శుభ్రమైన వేరే కంప్యూటర్‌లో తయారుచేసిన, విండోస్ బదులు వాడే లైనక్స్ అనే వ్యవస్థ ఉన్న పెన్‌డ్రైవ్‌తో యంత్రాన్ని లేపడం. విండోస్ కోసం రాసిన వైరస్ లైనక్స్‌లో ఉత్త ఫైలుగా పడి ఉంటుంది.

పెదనాన్నగారి యంత్రానికి ఆ రెండో మార్గమే పట్టాం, కారణం డిస్క్. ప్రతి హార్డ్ డిస్క్ తన ఆరోగ్యాన్ని తానే రాసుకుంటుంది, దాన్ని స్మార్ట్ నివేదిక అంటారు. పాడైన చోట్ల నుంచి సమాచారాన్ని వేరే చోటికి ఎన్నిసార్లు మార్చుకుందో అందులో ఉంటుంది. ఆ అంకె పెరుగుతుంటే డిస్క్ చివరి రోజుల్లో ఉందనుకోవాలి. ఆయనది అలాంటి డిస్కే. దాని మీద గంటల తరబడి వైరస్ స్కాన్ నడపడమంటే రొప్పుతున్న ముసలాయన్ని కొండ ఎక్కించడమే. ముందు సమాచారం బయటికి తీయాలి, వైద్యం తర్వాత. లైనక్స్‌తో లేపి ఫోటోలు, వీడియోలు, పాఠాలు, పీడీఎఫ్‌లు మాత్రమే కొత్త ఎక్స్‌టర్నల్ డిస్క్‌కు ఎక్కించాం. ఒక్క ఈఎక్స్‌ఈ ఫైలు కూడా తీసుకోలేదు. 'సాఫ్ట్‌వేర్స్' ఫోల్డర్‌ను వదిలేస్తుంటే పెదనాన్నగారికి మనసొప్పలేదు, "అన్నేళ్ళు దాచానురా" అన్నారు. ఆ తర్వాత ఎస్‌ఎస్‌డీ బిగించి, మరో నాలుగు జీబీ ర్యామ్ చేర్చి, గుండ్రటి బ్యాటరీ మార్చి, మైక్రోసాఫ్ట్ సైటు నుంచి శుభ్రమైన యంత్రంలో దింపిన విండోస్ ఎక్కించాం. పాత డిస్క్‌ను మళ్ళీ తగిలించలేదు.

విండోస్ కొత్తగా ఎక్కించాక అప్‌డేట్లు ఆపేసుకునే అలవాటు మనవాళ్ళలో ఉంది. డేటా అయిపోతుందని, కంప్యూటర్ ఆపేటప్పుడు ఆలస్యమవుతుందని. దాని ఖరీదు 2017 మే 12న ప్రపంచమంతా చూసింది. ఆ రోజు విజృంభించిన వానాక్రై అనే పురుగు నూట యాభై దేశాల్లో రెండు లక్షలకు పైగా యంత్రాలకు సోకింది. దానికి ఎవరూ ఏ లింకూ నొక్కక్కర్లేదు. ఫైళ్ళు పంచుకోవడానికి విండోస్‌లో ఉన్న పాత ఎస్‌ఎంబీ ఏర్పాటులోని లోపం గుండా పక్క యంత్రంలోకి పాకేది. ఫైళ్ళకు తాళం వేసి, 300 డాలర్ల బిట్‌కాయిన్ ఇస్తే తీస్తానని బోర్డు పెట్టేది. తాళానికి వాడిన పద్ధతుల్లో ఆర్‌ఎస్‌ఏ ఒకటి. ఆ మూడక్షరాల్లో చివరి 'ఏ' ఎవరో కాదు, వైరస్‌కు పేరు పెట్టిన ఆ ఏడిల్‌మనే. మన రాష్ట్రంలో కృష్ణా, గుంటూరు, చిత్తూరు, విశాఖపట్నం, శ్రీకాకుళం జిల్లాల్లోని పోలీసు కంప్యూటర్లు దాని బారిన పడ్డాయని అప్పుడు వార్తలొచ్చాయి. ఆ లోపాన్ని పూడ్చే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ మార్చి 14నే విడుదల చేసింది. మందు అంగట్లోకి వచ్చిన 59 రోజుల తర్వాత వచ్చిన జబ్బు అది. దెబ్బతిన్నవాటిలో అత్యధికం విండోస్ 7 యంత్రాలు. అప్పటికి వాటికి అప్‌డేట్లు అందుతూనే ఉన్నాయి, వేసుకోలేదంతే.

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 కావాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా భాగం ఉండాలి, మన ఇళ్ళలోని పాత డెస్క్‌టాప్‌లలో చాలావాటికి అది లేదు. అలాంటివాటిని పాత ఇనుముకు వేసే ముందు లైనక్స్ ప్రయత్నించడం మంచిది. స్వేచ్ఛ సంస్థ తెలుగులోనే లైనక్స్ తయారుచేసింది. ఉత్తరాలు రాసుకోవడానికి, పాఠాలు చెప్పుకోవడానికి, నెట్ చూడటానికి అది సరిపోతుంది. దుకాణాల లెక్కల సాఫ్ట్‌వేర్ వాడేవారికి మాత్రం ముందే పరీక్షించుకోమని చెబుతాను. అన్నీ అందులో నడవవు.

యంత్రం బాగుపడినంత మాత్రాన పాత పాస్‌వర్డులు మంచివైపోవు. వైరస్ ఉన్న రోజుల్లో ఆ కీబోర్డు మీద కొట్టిన ప్రతి పాస్‌వర్డూ పరాయివాళ్ళ చేతిలో ఉందనే లెక్క. మెయిలు, బ్యాంకు పాస్‌వర్డులు శుభ్రమైన ఫోను నుంచో వేరే యంత్రం నుంచో మార్చాలి. ఖాతాలోంచి డబ్బు కదిలిందని తెలిస్తే ఆ క్షణమే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కు ఫోన్ చేయాలి. రోజువారీ పనికి అడ్మినిస్ట్రేటర్ కాని మామూలు ఖాతా వాడుకోవాలి. ఫోటోల ప్రతి ఒకటి ఎక్స్‌టర్నల్ డిస్క్‌లో పెట్టి, పని అవగానే ఆ డిస్క్‌ను ఊడదీసి బీరువాలో పెట్టాలి. ఎప్పుడూ తగిలించి ఉన్న డిస్క్‌కు కూడా వానాక్రై లాంటివి తాళం వేయగలవు.

చదివే మీకు ఒక విన్నపం. మీ కంప్యూటర్ ఇవాళ బాగానే నడుస్తున్నా సరే, డి డ్రైవ్ తెరిచి, ఏళ్ళనాటి ఆ సెటప్ ఫైళ్ళనూ క్రాక్‌లనూ ఈ పూటే తీసేయండి. ఏ సాఫ్ట్‌వేర్ కావాలన్నా దాన్ని తయారుచేసినవారి సైటులోనే కొత్తది దొరుకుతుంది. జెరాక్స్ షాపుకు వేరే చిన్న పెన్‌డ్రైవ్ ఒకటి కేటాయించుకోండి. అందులో ప్రింట్ తీయించాల్సిన కాగితం తప్ప ఇంకేమీ పెట్టకండి.